నేల మీద బాపు ఫొటో

ఈ రోజు నార్కట్‌పల్లిలో మా తమ్ముడి కూతురి పెళ్లి. హాల్లో కంప్యూటర్‌తో ఎటంటే అటు తిరిగే ప్రొజెక్టర్ పెట్టారు. ఇంటివాళ్ల ఫొటోలు గోడల మీద, పైకప్పు మీద పడుతున్నాయి. చనిపోయిన మా నాన్న ఫొటో మాత్రం అమ్మ కుర్చీ ముందు నేల మీద పడింది. మిషన్ నడిపే ఆయనను అందరి ముందు గద్దించాను.

"ఏందయ్యా, మా బాపును అందరు తొక్కుకుంట పోవాల్నా?"

ఆయన ఫొటోను గోడ మీదికి తిప్పాడు. అమ్మ నా కొంగు పట్టి లాగింది.

"ఆడ ఎయ్యమని నేనే చెప్పిన బిడ్డా. నా మెడ పైకి లేస్తలేదు."

ప్రతి ఆదివారం ప్రార్థనలో అమ్మ పక్కనే కూర్చుంటాను. తల వంచుకుని ఉంటే భక్తి అనుకున్నాను.

ఆయనను క్షమించమని అడిగి, ఫొటో మళ్లీ నేల మీద వేయించాను. పక్కనే ఉండి ఇన్నాళ్లూ గమనించనందుకు అమ్మకు ఏమని చెప్పుకోవాలి? మీరైతే ఏమనేవారు?