దేవసహాయం సార్ నాలుగు కంప్యూటర్లు

మొన్న మా ఆఫీసులో పారేయబోతున్న పాత కంప్యూటర్‌ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. మూత విప్పి ఆన్ చేస్తే లోపలి ఫ్యాను గరగరమని తిరిగింది. రెండు నిమిషాల్లో వేడెక్కిన దుమ్ము వాసన ఇల్లంతా కమ్మింది. మా ఆయన ముక్కు మూసుకుని, ఈ చెత్త ఎందుకు మోసుకొచ్చావని సణిగాడు. ఆ వాసన తగిలేసరికి నేను ఆ ఇంట్లో లేను, నాంపల్లి కోర్టుల దగ్గర సందులో, మెట్లెక్కితే వచ్చే ఇరుకు గదిలో ఉన్నాను. ఆ గదిని నడిపిన మనిషి దేవసహాయం సార్.

అది జాబ్ టైపింగ్ సెంటర్. అఫిడవిట్లు, పిటిషన్లు, కిరాయి ఒప్పందాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టడమే పని. నలుగురు ఆడవాళ్ళం, నాలుగు కంప్యూటర్లు. నలుగురిలో చిన్నదాన్ని నేను. సార్ మెదక్ వైపు నుంచి వచ్చి, టైపు మిషన్ల కాలం నుంచీ అక్కడే పనిచేస్తున్నారు. కంప్యూటర్లు వచ్చాక ఎవరూ నేర్పకుండానే వాటిని విప్పడం, బిగించడం నేర్చుకున్నారు. యజమానిని అందరం సేఠ్ అనేవాళ్ళం. గన్‌ఫౌండ్రీలో ఆయనకు ఇంకో దుకాణం ఉండేది కాబట్టి మా దగ్గరికి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. వచ్చాడంటే మాత్రం ఏదో ఒకటి కోతపడేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా కంప్యూటర్లు ఎవరో వాడి వదిలేసినవి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేసరికి ముక్కుతూ మూలుగుతూ నడిచేవి. ఒక పిటిషన్ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. వకీళ్ళ గుమాస్తాలు మా నెత్తిమీద నిలబడి "జల్ది కొట్టమ్మా, అక్కడ కేసు పిలుస్తున్నరు" అని అరిచేవారు. ఒకరోజు సేఠ్ వచ్చి, నిలబడే తేల్చేశాడు.

"మాస్టరూ, గీ డబ్బాలు అమ్మేస్త. కొత్తయి రెండు తెస్త. రెంటికి ఇద్దరు ఆడోళ్ళు చాలు."

మా వేళ్ళు కీబోర్డుల మీద ఆగిపోయాయి. అఫ్జల్‌గంజ్‌లో మా ఇల్లు నా జీతం మీదే నడిచేది. మిగతా ముగ్గురి సంగతీ అంతే. ఎవరిని తీసేసినా ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. సార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"పది దినాలు టైమియ్యుండ్రి సేఠ్ సాబ్. గీ నాలుగింటినే ఉరికిస్త. ఉరకకుంటే మీ ఇష్టం."

ఆ ఆదివారం చర్చి నుంచి ఆయన నేరుగా ఆబిడ్స్ వచ్చి, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలన్నీ తిరగేశారట. ఒక కంప్యూటర్ పత్రిక దొరికింది. దాని అట్టకు అంటించిన సీడీలో, విండోస్ బదులు ఎక్కించుకునే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత మిషన్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుందని రాసి ఉంటే, దాన్ని పట్టుకుని గదికి వచ్చి ఒక్కరే కూర్చున్నారు. సోమవారం పొద్దున మేం వచ్చేసరికి మొదటి కంప్యూటర్ నడుస్తోంది గాని, అందులో దాచుకున్న ఫార్మాట్లు ఒక్కటీ లేవు. అఫిడవిట్‌కొకటి, వకాలత్‌కొకటి, కిరాయికొకటి అంటూ ఏళ్ళ తరబడి చేసిపెట్టుకున్నవి. కాస్త గట్టిగానే అడిగాను.

"సార్, మన ఫార్మాట్లు ఏవి?"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మాకన్నా అంత పెద్దాయన, మా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"పోయినయమ్మా. తప్పు నాదే. డిస్కు మొత్తం తుడవాల్నా అని అడిగింది. మంచిగ చదవకుంట నొక్కిన."

ఆ రోజుదాకా తప్పు నాది అన్న మగవాణ్ణి నేను చూడలేదు. మా ఇంట్లో గాని, ఆ కోర్టుల ఆవరణలో గాని. తర్వాత పాత కార్బన్ కాపీలు వెతికి తీసి అన్నీ మళ్ళీ కొట్టాం. ఎక్కువ ఆయనే కొట్టారు. మిగతా మూడింటిలోవి ముందే ఫ్లాపీల మీదికి ఎక్కించి, అప్పుడు వాటి మీద చెయ్యి వేశారు. తెలుగు కాగితాలకు పాత సాఫ్ట్‌వేరే కావాలి కాబట్టి, ఒకదానిలో అదీ, లినక్సూ రెండూ ఉంచారు.

కొత్త తెరను చూసి మాకు ఏడుపొచ్చింది. బొమ్మ లేదు, రంగు లేదు. నల్లటి తెర, అడుగున సన్నటి పట్టీ, టైపింగ్‌కి ఒక గుర్తు, ప్రింటుకి ఒకటి. కంప్యూటర్‌కు అక్కర్లేని బరువేదీ ఉండకూడదని మిగతావన్నీ తీసిపారేశారు.

"ఏంది సార్ గిది, సున్నం ఎయ్యని గోడ లెక్కుంది?" అన్నాను.

"గోడతోని నీకేం పనమ్మా? కాయితం తియ్యి."

తీశాను. గుమాస్తా అరవడానికి నోరు తెరిచేలోపే పిటిషన్ తెరుచుకుంది. పదో రోజు సేఠ్ వచ్చి, నాలుగింటి ముందూ నిలబడి చూసి, కొత్తవాటి మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు. నలుగురం మిగిలాం.

ఆ తర్వాత మొదలైంది ఆయన చదువు. రోజూ కాసేపు పని తగ్గినప్పుడు ఏదో ఒకటి కావాలనే చెడగొట్టేవారు. ఒకరోజు ప్రింటర్ పలకదు, ఇంకోరోజు అడుగున పట్టీ మాయం. చెడగొట్టి, చాయ్‌కని కిందికి దిగిపోయేవారు. మేం తిట్టుకుంటూ బాగుచేసుకోవాలి. ఆయన పైకి వచ్చేసరికి కాకపోతే పక్కన కూర్చుని చూపేవారు, బాగైపోతే తన పని చూసుకునేవారు. ఏడాది తిరిగేసరికి నాకు చేతకాని రిపేరు లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, అదే నా జబ్బు.

ఆయన లేనప్పుడు ఒకరోజు సేఠ్ వచ్చాడు. అటూ ఇటూ చూసి, మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"సరళా, మాస్టరు రాని దినం మిషన్లు బందైతే ఎట్ల మరి?"

"ఏం ఫికర్ లేదు సేఠ్ సాబ్. మేమే చూస్కుంటం. అన్నీ వచ్చు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు జారినట్టు కూడా తెలియలేదు. మెచ్చుకుంటాడేమోనని చూశాను. ఆ నెలాఖరున సార్‌ను మానిపించాడు. చివరి రోజు ఆయన తన టిఫిన్ డబ్బా, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని, "ఫ్యాన్లు తుడుస్తుండుండ్రి, దుమ్ము పడతది" అని మెట్లు దిగారు. తప్పు నాదే అని నేనూ ఆయనలా నిలబడి చెప్పాల్సింది. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నట్టు నటిస్తూ అటు తిరిగాను.

ఆ కంప్యూటర్లు ఇంకో నాలుగేళ్ళు నడిచాయి. నలుగురం ఉన్నాం. తర్వాత సెంటర్ మూతపడి నేను గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో చేరాను. రోజూ నాంపల్లి మీదుగానే వెళ్ళేదాన్ని, రోజూ ఆ సందు కనిపించేది. ఆ తప్పు మోయలేక ఒక సాయంత్రం సికింద్రాబాద్‌లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. మంచినీళ్ళ గ్లాసు చేతిలో ఉండగానే చెప్పేశాను, సేఠ్ అడిగిందీ, నేను అన్నదీ. ఆయన నా చేతిలోంచి గ్లాసు తీసుకుని పక్కన పెట్టారు.

"నీకంటే ముందుగాల నన్నే అడిగిండమ్మా. పిల్లలు చూస్కుంటరా అని."

"మీరేమన్నరు సార్?"

"చూస్కుంటరన్న. మీకు రాదంటే మళ్ళ రెండు కొత్తయి తెస్తుండె. ఇద్దరు పోతుండ్రి."

ఇద్దరం సేఠ్‌కు చెప్పింది ఒకటే మాట. నేను గొప్పకు చెప్పాను. దాని ఖరీదు ఏమిటో తెలిసి ఆయన చెప్పారు. ఆ రోజు బస్సులో ఇంటిదాకా ఏడుస్తూ వచ్చాను. ఇన్నేళ్ళ తర్వాత, ఇప్పుడు నా చేతికింద కూడా కొందరు పనిచేస్తున్నారు. పైవాళ్ళు ఎవరైనా వచ్చి, మీరొక్కరే చూసుకోగలరా అని మామూలుగా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ఎవరి కుర్చీ గురించి అడుగుతున్నారని ముందు నేనే అడుగుతాను.