కూర్మారావు తాగని కాఫీ

తెరుబలి ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే కూర్మారావు, కారును సర్వీసింగుకి రాయగడ తీసుకెళ్లాలంటే కోర్టు వాయిదాకి వెళ్తున్నట్టు ముందురోజే చొక్కా ఇస్త్రీ చేయించుకుంటాడు. షోరూములో కూర్చోమంటే కూర్చోడు. కాఫీ ఇస్తే తాగడు. దాని ఖరీదు కూడా బిల్లులో కలిపేస్తారని అనుమానం. చేతులు వెనక్కి కట్టుకుని, అద్దానికి ముక్కు ఆనించి, లోపల పైకెత్తిన తన కారునే చూస్తుంటాడు. ఏది మార్చాలన్నా, "తీసిన పాతది ముందు నా సేతికియ్యండి" అంటాడు. పాత ఫిల్టరును ఎండకి పట్టి చూసి, దులిపి, మళ్ళీ దాన్నే బిగించమన్న రోజులున్నాయి.

మొన్న మాత్రం కౌంటర్లో కొత్తగా చేరిన ప్రణతి తాళం అందిస్తూ, "ఆయిల్ ఒక్కటే మార్చేం అంకుల్. మిగతావన్నీ బాగున్నాయి" అంది. దారి పొడవునా కూర్మారావు సాధన చేసుకొచ్చిన తగువంతా అక్కరకు రాకుండా పోయింది.

"సరిగ్గా సూసేవా అమ్మీ?"

చూశానంది. అతను బయటికెళ్లి కారు చుట్టూ తిరిగాడు, టైర్లు తట్టాడు, ఏమీ తోచక మళ్ళీ లోపలికొచ్చాడు.

"పోనీ, ఆ వైపరు రబ్బర్లయినా మార్చీయమ్మీ."

"అవీ బాగున్నాయి అంకుల్. దండగ."

కూర్మారావు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే ఆ కాఫీ ఏదో ఇప్పించమ్మీ" అన్నాడు.