వదిన సరే అనని విడుదల

ఆ ఇంట్లో భోజనాల బల్లకి రెండు ఉద్యోగాలు. తినేటప్పుడు బల్ల, తిన్నాక వదినగారి ఆఫీసు. పగలంతా కళ్లద్దాల దుకాణంలో పనిచేసి వచ్చి, కంచాలు తీసిన చోటే ల్యాప్‌టాప్ తెరుస్తుంది. జీతం భత్యం లేని పని. ఆసుపత్రుల్లో రక్తం నిల్వచేసే ఫ్రిజ్‌లను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్ ఒకటుంది. లోపల వేడెక్కితే అలారం మోగిస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తెలిసినవాళ్లెవరైనా బాగుచేయొచ్చు. దాని కొత్త వెర్షన్ ఎప్పుడు బయటికి వెళ్లాలో చెప్పేది మాత్రం వదినే.

మొదట్లో ఆమె, దాన్ని ఎలా వాడాలో చెప్పే సూచనల పేజీల్లో తప్పులు దిద్దేది, అంతే. విడుదలల బరువు ఎత్తుకోమంటే మిగతావాళ్లు తలా ఓ సాకు చెప్పి తప్పుకున్నారు. అప్పుడు నడుం బిగించి తనే దిగింది. అప్పట్నుంచి ఒకటే పద్ధతి. పాత వెర్షన్ వాడేవాళ్లకి పాత పేజీలు, కొత్తవాళ్లకి కొత్తవి, ప్రతి పేజీ నెత్తినా అది ఏ వెర్షన్‌దో రాసి ఉండాలి. పాత కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న ఆసుపత్రులు కొత్తది ఎక్కించుకోలేవు కదా! "వాళ్లు మాత్రం మనవాళ్లు కారా?" అంటుంది. అంత ఓపిక నాలుగిళ్లకి పంచినా మిగులుతుంది.

ఆ సాయంత్రం మరిదికి మాత్రం ఆ ఓపిక చూసి ఒళ్లు మండింది. కొత్త వెర్షన్ చాలావరకు అతను రాసిందే. మర్నాడు పొద్దున్న ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ల సభలో పదిమంది ముందు దాన్ని చూపించాలి. విడుదలే కాకపోతే ఏ మొహం పెట్టుకుని వేదికెక్కడం?

"ఇంకా విడుదల మీట నొక్కలేదేంటి వదినా?"

"సూచనల పేజీలు చూస్తున్నా."

"పేజీలదేముంది, తర్వాత దిద్దుకోవచ్చు. ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. వాళ్లూ పెద్దవాళ్లే."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నావ్!"

గిన్నెలు కడుగుతున్న అన్న వెనక్కి తిరక్కుండానే అందుకున్నాడు. "ఒరేయ్, మీ వదినతో పెట్టుకోకు. మా శుభలేఖ ఎన్నిసార్లు సరిచూసిందో తెలుసా? ఇంకాస్తుంటే పెళ్లే వాయిదా పడేది."

వదిన నవ్వలేదు. ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "ఈ పేజీ ఎవరు పెట్టారు?"

తనే పెట్టాడు. కొత్త వెర్షన్ ఎలా ఉండబోతోందో స్నేహితులకి చూపించుకోవాలన్న ఉబలాటంతో, వారం ముందే, ఆమెని అడక్కుండా పెట్టాడు. నెత్తిన వెర్షన్ రాయలేదు. నెట్‌లో వెతికితే ఇప్పుడు అదే మొదట వస్తోంది.

"ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ అలారం మోగకుండా కాస్త ఆగాలంటే ఆరువందలు పెట్టమని రాశావ్. కొత్తదాంట్లో అవి సెకన్లు, అంటే పది నిమిషాలు. పాతదాంట్లో?"

మరిదికి అప్పుడు వెలిగింది. పాతదాంట్లో అవి నిమిషాలు. పది గంటలు! ఫ్రిజ్ చెడిపోయి రక్తమంతా పాడైపోయినా, పది గంటల దాకా అలారం కిక్కురుమనదు.

వదిన వెంటనే ఆ పేజీ తీసేసింది, ప్రోగ్రామ్ వాడేవాళ్లు మాట్లాడుకునే ఫోరంలో హెచ్చరిక పెట్టింది. అయినా అప్పటికే చదివేసినవాళ్ల సంగతేమిటి? అలారం గోల భరించలేకపోతున్నానని మొన్ననే ఫోరంలో మొరపెట్టుకున్న ల్యాబ్ టెక్నీషియన్ ఒకామె ఉంది. ఆవిడది పాత వెర్షన్. వదిన ఆవిడ నంబరు వెతికి, స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"మీరా అమ్మా!" వదిన నోరు తెరవకముందే ఆవిడ మొదలుపెట్టింది. "నేనే చేద్దామనుకుంటున్నా. మీ పేజీ చూసి ఆరువందలు పెట్టానండీ. అప్పట్నుంచి ఒక్కసారి కూడా మోగలేదు, ప్రాణానికి హాయిగా ఉంది. ఎవరు రాశారో గానీ చల్లగా ఉండాలి!"

వదిన ఏదో చెప్పబోతుంటే మరిది చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"రాసింది నేనేనండీ. తప్పు రాశాను. అలారం బాగుపడలేదు, నోరు నొక్కేశాం. ముందు వెళ్లి ఫ్రిజ్‌లో ఎంతుందో చూడండి. నేను లైన్లోనే ఉంటా."

ఫోన్లో ఆవిడ చెప్పులు చప్పుడు చేసుకుంటూ దూరమయ్యాయి. అన్న కుళాయి కట్టేశాడు. ముగ్గురూ ఆ ఫోన్ చుట్టూ నిలబడ్డారు. మరిది జన్మలో అంతగా భయపడింది లేదు.

"నాలుగు డిగ్రీలుందండీ. బాగానే ఉంది. ఇప్పుడెంత పెట్టమంటారు?"

"ఆరువందలు తీసేసి పది పెట్టండి, పది నిమిషాలు," అని మరిది కుర్చీలో కూలబడ్డాడు.

వదిన అతని ముందు మంచినీళ్లు పెట్టింది. "ఇంకా ఎవరెవరు చదివారో కనుక్కోవాలి. వాళ్లందరూ సర్దుకునేదాకా విడుదల లేదు. రేపు సభలో అడిగితే నేనే ఆపానని చెప్పు, నాకేం నామోషీ లేదు."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. పరువు పోయేది అతనిదైతే, దాన్ని కాయడానికి తన పేరు అడ్డం పెడుతోంది ఆ మహాతల్లి.

మర్నాడు వేదిక మీద మైకు అందిస్తూ నిర్వాహకుడు అడిగాడు, కొత్త వెర్షన్ ఎక్కడని.

"విడుదల కాలేదండీ. నేను తొందరపడి తప్పు చేశాను. మా వదిన ఇంకా సరే అనలేదు," అన్నాడు మరిది.

ఏదో చమత్కారమనుకుని సభంతా గొల్లున నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు.