మిర్చి టిక్కీలు మూడేళ్లు వెనక్కి నడిచిన రోజు

ప్రత్తిపాడు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీని నేను ఒక్క పూటలో మూడేళ్లు వెనక్కి పంపేశాను. నవ్వేవాళ్లు కుర్చీ గట్టిగా పట్టుకోండి.

అప్పుడే ఎంసీఏ అయింది. ఆ స్టోరేజీలో కంప్యూటర్ చూసుకునే ఉద్యోగం. ఏ రైతు టిక్కీలు, అదేనండి, మిర్చి బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో చెప్పే ప్రోగ్రాం పాత విండోస్‌లో తప్ప నడవదు. అందుకని కొత్త విండోస్ కంప్యూటర్లో ఆ పాతదాన్ని వర్చువల్ మెషీన్‌గా పెట్టి నెట్టుకొస్తున్నారు. నాకేమో విండోస్‌కి బదులు వాడే లైనక్స్ పిచ్చి.

"సార్, ఆ మెషీన్‌ని లైనక్స్‌లోకి మార్చేస్తానండి. అరగంట పని," అన్నాను మేనేజరు కోటేశ్వరరావు గారితో.

"వర్చువల్ మెషీన్ అంటే ఏందమ్మా?"

"కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అండి."

"కడుపుతో ఉన్నదాన్ని ఇల్లు మారుస్తావా? జాగ్రత్త తల్లీ!"

ఆ ఫోల్డర్లో ఒక పెద్ద డిస్క్ ఫైలుంది. పక్కన 'స్నాప్‌షాట్స్' అని ఇంకేవో ఫైళ్లు. స్నాప్‌షాట్లంటే ఫొటోలు, ఫొటోలంటే పాతవేగా అనుకుని వాటిని వదిలేశాను. పెద్ద ఫైలొక్కటే బయటి డిస్కులోకి కాపీ చేసి, కంప్యూటర్ని ఫార్మాట్ చేసి, లైనక్స్ ఎక్కించాను. ఆ ఫైలు తెచ్చి పెడితే పాత మెషీన్ చక్కగా లేచి కూర్చుంది. నేను కాలరెగరేసి అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాను.

రెండో బజ్జీ నోట్లో ఉండగా అంజమ్మగారు ట్రాక్టరేసుకొచ్చారు. "నా అరవై టిక్కీలు బయటికి తీయించమ్మాయ్."

"మీ పేరు మీద ఇరవై రెండే ఉన్నాయండి."

"ఇరవై రెండా! అవెప్పుడో అమ్మేసి మా పిల్ల పెళ్లి చేశా. మనవడు కూడా పుట్టి ఇల్లంతా పరిగెడతన్నాడు. మీ మిషన్లో ఇంకా మా పిల్లకి పెళ్లే కాలేదా?"

బజ్జీ గొంతులో అడ్డం పడింది. పిల్లకాకికేం తెలుసు స్నాప్‌షాట్ దెబ్బ! మూడేళ్ల కిందట ఎవరో స్నాప్‌షాట్ తీశారట; ఆ రోజు నుంచి జరిగిందంతా నేను ఫార్మాట్‌లో తుడిచేసిన ఆ పక్క ఫైళ్లలోనే చేరిందట. అసలు పాతది ఆ పెద్ద ఫైలేనట!

"ఇప్పుడేం చేద్దామమ్మా?" అన్నారు మేనేజరుగారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఉద్యోగం ఎండు మిరప తొడిమలా ఊడిపోయినట్టే అనుకున్నాను.

హమాలీల మేస్త్రి సాంబయ్య నవ్వాడు. "ప్రతి టిక్కీ మీదా రైతు పేరు రంగుతో రాసుంటదిగా! నేను చదువుతా, నువ్వు కంప్యూటర్లో కొట్టుకో. ముందు అంజమ్మగారియ్యి తీద్దాం."

ఐదు రోజులు. బయట గుంటూరు ఎండ, లోపల నేను రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు. సాంబయ్య ఒక పేరు, నేను ఒక తుమ్ము. "నాగేశ్వర్రావు, నలభై!" "హాచ్!" "ఆచారి కాదమ్మా, నాగేశ్వర్రావు!"

చివరి టిక్కీ కంప్యూటర్లోకి ఎక్కించాక మేనేజరుగారు టీ ఇచ్చి అడిగారు. "అయితే దీనివల్ల మనకి ఒరిగిందేందమ్మా?"

"ప్రోగ్రాం తొందరగా తెరుచుకుంటుందండి."

"ఎంత తొందరగా?"

"రెండు సెకన్లు."

సాంబయ్య టీ గ్లాసు కింద పెట్టి, దణ్ణం పెట్టి బయటికెళ్లి నవ్వాడు.

అందుకే మిర్చి ఘాటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ మెషీన్‌నీ ఇల్లు మార్చను. మార్చక తప్పదంటే, ఫోల్డర్లో దుమ్ము కూడా దులపకుండా మొత్తం మోసుకెళ్తాను.