వాల్వు బొడిపెలు పూడ్పించిన మేనేజరు

2004 ఏప్రిల్లో ఫరీదాబాద్‌లోని ఒక బొమ్మకార్ల కర్మాగారంలో టూల్‌రూమ్ మేనేజరుగా చేరాను. టూల్‌రూమ్ అంటే అచ్చులు తయారుచేసే, బాగుచేసే చోటు. నా కింద నలభై మంది పనిచేసేవారని బంధువులందరికీ చెబుతూ వచ్చాను. టీ తెచ్చే భయ్యాను కలుపుకున్నా పదకొండు మందే.

బొమ్మకార్లంటే పిల్లలు నేలకేసి కొట్టేవి కావు. అసలు కారును నలభై మూడో వంతుకు కుదించి చేసే నమూనాలు. విదేశాల్లో పెద్దవాళ్లు వాటిని అద్దాల బీరువాల్లో దాచుకుంటారు. వాటి చక్రం మన చొక్కా గుండీ అంత. ఆ గుండీలోనే ఐదు ఆకులు, నడుమ టోపీ, టోపీ మీద ఒక సన్నని గీత, రెండాకుల సందులో గాలి కొట్టే వాల్వుకు గుర్తుగా ఆవగింజలో సగమైనా లేని బొడిపె. చక్రాల అచ్చులో నాలుగు గుంటలు ఉండేవి. వాటిని క్యావిటీలంటాం. వేడి ప్లాస్టిక్ ఒక్కసారి ఎక్కిస్తే నాలుగు చక్రాలు, అంటే ఒక కారుకు సరిపడా, ఊడిపడతాయి.

జూన్‌లో కొనుగోలుదారు దగ్గర నుంచి ఫిర్యాదు వచ్చింది. ఎవరో భూతద్దం పట్టుకుని చూశారట. టోపీ మీది గీత నుంచి లెక్కపెడితే ఒక చక్రానికి బొడిపె మొదటి సందులో ఉంది, ఇంకోదానికి రెండో సందులో, అలా ఒకే కారుకు నాలుగు చక్రాలూ నాలుగు రకాలు. ఇది ఎవరి పని అని డైరెక్టరుగారు నన్నడిగారు.

ఆ అచ్చు చెక్కింది ఓంప్రకాశ్ అనే ఫిట్టరు. ఇరవై ఏళ్ల సర్వీసు. ఛార్జ్‌హ్యాండ్ పదవికి ఆ నెలలోనే ఆయన పేరు పైకి వెళ్లింది. అది ఫిట్టరుకు పైన, ఫోర్‌మన్‌కు కింద ఉండే మెట్టు. అప్పటికి రెండుసార్లు తప్పిపోయింది. ఈసారీ తప్పితే రిటైరయ్యేలోగా ఇక రాదు. ఇవన్నీ తెలిసే నేను అరగంటలో రిపోర్టు రాసేశాను: పనిలో అశ్రద్ధ, పదోన్నతి ఆపడం మంచిది. తర్వాత ఆయన్నే పిలిచి బొడిపెలన్నీ మొదటి సందులోకి మార్చమన్నాను.

"సాబ్, ఒక్క మాట. ఆ దానా, అదే ఆ బొడిపె, అక్కడ ఎందుకు పెట్టానంటే..."

"ఠీక్ హై మిస్త్రీజీ, తర్వాత వింటాను. ముందు పని కానివ్వండి."

"అచ్ఛా సాబ్," అని ఆయన వెళ్లిపోయారు.

చెప్పినంత తేలిక కాదు ఆ పని. చక్రం మీద ఉబ్బెత్తుగా కనిపించేది అచ్చులో గుంట. చక్రానికి ఉబ్బు పెట్టాలంటే ఉక్కును చెక్కితే చాలు. ఉబ్బు తీసేయాలంటే గుంటను పూడ్చాలి. ఓంప్రకాశ్ మూడు క్యావిటీల్లోని బొడిపె గుంటలను సన్నని డ్రిల్లుతో శుభ్రం చేసి, అదే ఉక్కుతో చేసిన సూదుల్లాంటి పిన్నులను బిగించి, నూనెరాయితో సమం చేసి, వజ్రపు పేస్టుతో మెరుగుపెట్టారు. ఆపైన సరైన సందులో కొత్త గుంటలు చెక్కారు. మొత్తం మూడు రోజులు పట్టింది. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదివే మా మేనల్లుడికీ వాడి స్నేహితులకూ, ఇదంతా నా చేతులతో నేనే చేశానని గంటసేపు వర్ణించాను. నేను దీపం పట్టుకున్నాను. అదీ రెండో రోజు మధ్యాహ్నం మాత్రమే.

రెండు వారాలు గడిచాయి. ఇరుసు ఎక్కిస్తుంటే కొన్ని చక్రాలు మధ్యలో చిట్లడం మొదలుపెట్టాయి. ఏదో ఒక క్యావిటీలో రంధ్రం ఇరుకైందన్నమాట. ఏ క్యావిటీయో తేల్చడానికి క్వాలిటీ ఇన్‌స్పెక్టరు విజయలక్ష్మి దగ్గరికి వెళ్లాను. భీమవరం అమ్మాయి, భర్త వైమానిక దళంలో పనిచేసేవాడు. ఆమె చిట్లిన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ క్యావిటీదో నేనెలా చెప్పను సార్? బొడిపె చూసి చెప్పేదాన్ని. మొదటి సందైతే ఒకటో నంబరు, మూడో సందైతే మూడో నంబరు. ఇప్పుడన్నీ ఒక్కలాగే ఉన్నాయిగా!"

"అది గుర్తా?"

"అచ్ఛా, అయితే పూడ్పించింది మీరేనన్నమాట!" అని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "అది గుర్తని వర్క్‌షాపులో అందరికీ తెలుసు సార్. టీ భయ్యాక్కూడా."

మెషిన్ ఆపి చూస్తే తప్పు మూడో క్యావిటీదని పూటలో తేలింది. అప్పటికే కలిసిపోయిన ఆరు గోతాల చక్రాలను మాత్రం ఒక్కొక్కటిగా గేజి పిన్ను దూర్చి ఏరాల్సి వచ్చింది. అందులో రెండు గోతాలు నేనొక్కణ్ణే ఏరానని చాలామందికి చెప్పాను. నిజానికి గంట తిరక్కుండానే కళ్లద్దాలు సరిపడలేదని లేచిపోయాను.

గుర్తును చక్రం వెనకవైపే పెట్టొచ్చు కదా అని ఓంప్రకాశ్‌ను అడిగాను.

"మీకు ముందున్న మేనేజర్ సాబ్ వెనకంతా నున్నగా ఉండాలన్నారు. ప్రతి మేనేజర్ సాబూ ఏదో ఒకటి చెప్పాల్సిందే కదా!" అని నవ్వారు. మర్నాటికల్లా అచ్చు వెనక పలకలో ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు చెక్కి తెచ్చారు. బీరువాలో పెట్టాక ఏ భూతద్దానికీ అందని చోటు అది. ఆ చుక్కల ఆలోచన కూడా నాదేనని కొన్నాళ్లు చెప్పుకున్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పదోన్నతుల జాబితా ఆ శుక్రవారం ఖరారు కావాల్సి ఉంది. గురువారం నాడు రెండో రిపోర్టు రాశాను: "సమాచార లోపం వల్ల జరిగిన పొరపాటు." క్వాలిటీ తరఫున విజయలక్ష్మి సంతకం కావాలి. ఆమె చదివి కలం కింద పెట్టేసింది.

"లోపం ఎవరిదో రాయలేదేం సార్? మొదటి రిపోర్టులో పేరు రాశారుగా."

కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను. ఫిట్టరు చెప్పబోయాడు, మేనేజరు వినలేదు, మొదటి రిపోర్టు రద్దు చేయాలి. కింద నా పేరు పూర్తిగా రాశాను. డైరెక్టరుగారు అది చదివి, ఇకమీదట టూల్‌రూమ్ మేనేజరు ఏ మార్పు చేయించినా ముందు ఇన్‌స్పెక్టరు సంతకం తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు. అంటే విజయలక్ష్మి సంతకం. ఆగస్టులో ఓంప్రకాశ్ ఛార్జ్‌హ్యాండ్ అయ్యారు.

ఆ తర్వాత ఉద్యోగం చేసిన ఏడేళ్లూ, అచ్చు మీద అర్థంకాని గుర్తు కనిపిస్తే పూడ్చమనే ముందు చెక్కినవాణ్ణీ, దాంతో పనిచేసేవాళ్లనూ పిలిచి అడిగాను. చాలాసార్లు అది నిజంగా తప్పే అయింది. అయినా అడగడం మానలేదు.