అవ్వ తొక్కిన చవుడు

మహాజనులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుకుంటున్నాను... సముద్రం లేని ఊర్లో పుట్టినందుకు. కాలేజీలో మా దొర మాస్టరు, ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న తన పల్లెను గురించి గంటసేపు చెప్పినాడు. అక్కడ ప్రతి పాత ఇంటికీ ఒక చరిత్ర ఉందంట. కట్టిన సంవత్సరం గుమ్మం మీద రాతిలో చెక్కి ఉంటుందంట. మార్కాపురం తాలూకాలో ఒక చవుడు మిద్దె కింద పెరిగిన నాబోటివాడు అంత గొప్ప శాస్త్రంలో తల దూర్చడం అపరాధమే. అయినా దూరుస్తున్నాను.

మా చిన్నప్పుడు... మా ఇంటి చరిత్ర గుమ్మం మీద లేదు. నెత్తిమీద ఉండేది.

దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, దంతెల మీద పలకరాళ్ళు, వాటి మీద మందంగా చవుడు మట్టి. వాన నీళ్ళు లోపలికి దిగకుండా ఆ చవుడే కాపాడాలి. ఇంటి పెత్తనం చేతికొచ్చినవాడు ఆ ఏడు తొలకరికి ముందే వాగు పక్కనుంచి బండ్లకొద్దీ చవుడు తోలించి మిద్దె మీద పోయించి, గట్టిపడేదాకా కాళ్ళతో తొక్కించాలి... అదే మా ఇంట్లో పట్టాభిషేకం.

మరి పాత చవుడో? దాన్నెవరూ తీయరు. పెద్దలు పోసిన మట్టిని పారతో ఎత్తి పారేస్తే ఇంకేమన్నా ఉందా! అందుకని ముత్తాత మట్టి మీద తాత మట్టి, తాత మట్టి మీద నాయన మట్టి... మర్యాద పెరిగేకొద్దీ మిద్దె బరువూ పెరిగింది. మోసే దూలం మాత్రం ముత్తాత కాలంనాటిదే.

నాకప్పుడు ఆరేండ్లు. ముసురు పట్టింది. నడిమింట్లో వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన కంత ఉండేది, గవాచి అంటాం. దాన్ని బండతో గట్టిగా మూసేసినారు. అయినా అవ్వ మంచం పక్కన మిద్దె ఉరుస్తానే ఉంది.

“ఇంకో బండెడు చవుడు పోస్తే ఆగుతుందిలే అన్నా” అన్నాడు చిన్నాయన.

జవాబు దూలం చెప్పింది.

టక్.

సన్నగా మట్టి రాలింది. అమ్మ నన్ను చంకనేసుకుని పరిగెత్తింది. చిన్నాయన జొన్నల గంప ఎత్తుకున్నాడు. అందరం పశువుల కొట్టంలో పడినాం. ఊపిరి తీసుకుని చూసుకుంటే... అవ్వ లేదు.

నడిమింట్లో, ఆ దూలం కిందనే, కుదురుగా కూర్చోని ఉంది.

నాయన నిచ్చెన వేసినాడు. పైకెక్కి తడిసిన చవుడు తోడి బరువు తీస్తేనే మిద్దె నిలబడేది. కానీ కింద కన్నతల్లి ఉండగా పైన కాలు పెట్టేదెట్ల?

“అమ్మా, బయటికి రా. మిద్దె దిగుతాంది!”

“దిగనీ. నేను లేస్తే నువ్వు పార పెడతావు.”

“పెట్టకుంటే కూలుతుంది గదా!”

“మీ నాయన పోసిన చవుడురా అది. దాని జోలికి పోవద్దు.”

టక్.

“ఏందత్తా నీ పంతం! ఇంతమందిమి మొత్తుకుంటాన్నామే!” అమ్మ గడప బయటనుంచే కేకేసింది.

“ఆయన మిద్దె నన్నేం చేయదులే. నువ్వు పోయి జొన్నలు తడవకుండా చూసుకో.”

గోడ దగ్గర దూలం నెర్రె విచ్చింది. నాయన పార పట్టుకుని నిచ్చెన మొదట్లోనే నిలబడిపోయినాడు... ఎక్కలేడు, పోలేడు. వాన మాత్రం ఎవరి మాటా వినకుండా కొడతానే ఉంది.

సరిగ్గా ఈ ఘట్టంలో చరిత్ర పురుషుడు ప్రవేశించినాడు. అంటే నేను. అమ్మ చేయి విదిలించుకుని లోపలికి దూరి అవ్వ ఒడిలో పడినా.

“నువ్వేందిరా వచ్చినావు? పో బయటికి!”

“నువ్వొస్తే పోతా.”

తోసింది. నేను మెడ కరుచుకున్నా. అప్పుడు వచ్చింది చూడండి చప్పుడు... టక్ కాదు, చెట్టు విరిగినట్టు. మా పక్కనే పలకరాయి ముక్క ఒకటి పడి పగిలింది.

ఒక్క క్షణం... అవ్వ లేచింది. నన్ను ఎత్తుకుని గడప దాటింది.

“అంత పంతం పట్టినదానివి, ఎట్ల లేచినావత్తా?” అంది అమ్మ, ఏడుస్తానే.

“గవాచిలోంచి వాన పడి ఒడంతా తడిసింది. తడిగుడ్డతో ఎంతసేపు కూర్చుంటా?”

నాయనా చిన్నాయనా పైకెక్కి అంచుల నుంచి తోడడం మొదలుపెట్టినారు. ముందు నాయన పోసిన మట్టి, బూడిద రంగుది. దాని కింద తాతది, తెల్లగా. పార ఆ తెలుపుకు తగిలిందో లేదో, కొట్టంలోంచి అవ్వ కేక.

“మెల్లగారా! తెచ్చింది మీ నాయన, తొక్కింది నేను! కొత్త కోడల్ని... కాళ్ళ పారాణి కూడా పోలేదు...”

పైన పార ఆగిపోయింది. కాసేపటికి నాయన ఒక గంపెడు తెల్ల చవుడు వేరుగా దించి, అవ్వ ముందర పెట్టినాడు. మళ్ళీ ఎక్కిపోయినాడు.

దూలం నిలిచింది. వానలు వెలిసినాక దాని కింద గుంజ పెట్టి, కొత్త చవుడు పలచగా పోసినారు. అన్నిటికంటే ముందు ఆ గంపెడు పోసినారు. అవ్వే నిచ్చెనెక్కి, ఎవర్నీ దగ్గరికి రానీకుండా, ఒక్కతే తొక్కింది.

ఇప్పుడు మా వీధిలోకి మంగళూరు పెంకులు వచ్చినాయి. వాన పడితే జారిపోతుంది. పోసే పనిలేదు, తొక్కే పనిలేదు. మంచిదే... కాకపోతే తలెత్తి చూస్తే ఏ పెంకులోనూ మనవాళ్ళెవరూ కనపడరు. మీ ఇంటి నెత్తిన ఎవరి కాళ్ళ గుర్తులున్నాయో మీరూ చెప్పండి... వినాలని ఉంది.

ఇక, చరిత్ర రాసేవాడు నిజం దాయకూడదు గనక ఒక్క మాట. ఆ పూట గవాచి మీద బండ కదల్లేదు. అవ్వను లేపింది నా ధైర్యమూ కాదు, నా వాదనా కాదు. ఆ చప్పుడుకు నేను చేసిన ఘనకార్యం ఒక్కటే... అవ్వ ఒడిలో ఉచ్చ పోసినా.

పోయేదాకా ఆమె దాన్ని వాననే చెప్పింది.