దీవి రేవులో దిగని గొలుసు

ఆ శనివారం ఉదయం ఆరుంబావుకి సింహాచలం మా క్వార్టర్ ముందు సైకిలాపి బెల్లు కొట్టాడు. రోజూ కొట్టేదే. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే కాలనీ వీధిని వర్క్‌షాప్ సైరన్ కంటే ముందు లేపేది ఆ బెల్లే. ఆ ఒక్క రోజుకీ నాకు చెవుడు వచ్చి ఉంటే ఒక పడవ, దాన్నిండా జనం, ఒక ముసలమ్మ తమలపాకుల డబ్బా, రెండు రంపం బ్లేళ్ళు క్షేమంగా ఉండేవి. జరిగిన విధ్వంసమంతా వరసగా చెప్తాను. మీరు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రావడానికి రెండు రోజులు పట్టింది, మీకంత అక్కర్లేదు.

సింహాచలం, నేను ఖరగ్‌పూర్‌లో ఒకే రైల్వే వర్క్‌షాపులో పనిచేశాం. పాత వేగన్లు వస్తాయి, బాగుచేస్తాం, పోతాయి. వాడు ఫిట్టరు, నేను వెల్డరు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉంటుందని షాపులో నన్ను మేస్టారు అనేవారు. సింహాచలం ఆ మర్యాద ముందు ఒక 'ఒరే' తగిలించి 'ఒరే మేస్టారూ' అని పిలిచేవాడు.

దీవి పిచ్చి వాడిది. నది సముద్రంలో కలిసేచోట ఒక దీవి, అందులో రిసార్టు, రెండు చెట్ల మధ్య ఊగే వల ఉయ్యాల. వాళ్ళబ్బాయి ఫోన్లో ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి నా వెంటపడ్డాడు.

"ఒక్క రాత్రిరా. ఒక్క రాత్రి ఆ వల్లో పడుకుని లేసొచ్చేద్దాం. సైరను ఇనపడని కాడ."

నేను చాలాకాలం తప్పించుకున్నాను. ఒకసారి ఓవర్‌టైమ్ అన్నాను. ఒకసారి వాన. ఒకసారి చదువుతున్న పుస్తకం చివరికి వచ్చింది, కానీ వాడికి కడుపునొప్పి అని చెప్పాను. ఇద్దరికీ రిటైర్మెంట్ దగ్గర పడింది. ఒకరోజు గేటు దగ్గర సైకిలు తాళం తీస్తూ మామూలుగా అన్నాడు: "ఈపాలి రాకపోతే మరింక నిన్నడగను."

కోప్పడి ఉంటే ఇంకో ఆర్నెల్లు లాగేవాణ్ణి. అడగడం మానేస్తాడన్న మాటకే భయపడి ఒప్పుకున్నాను.

ఇక గొలుసు సంగతి. దీన్ని కాస్త శ్రద్ధగా వినాలి.

రైల్వేవాళ్ళకి గొలుసు లేని సామాను సామాను కాదు. పాసు ఉంది కాబట్టి బండెక్కుతాం. బండెక్కాం కాబట్టి దొంగలుంటారు. దొంగలుంటారు కాబట్టి బ్యాగుల్ని సీటు కాలికి కట్టేస్తాం. గోల్‌బజార్‌లో అమ్మే గొలుసులు చూశాను. వాటితో కోడిపిల్లని కట్టినా నమ్మకం లేదు. అందుకని ఇనుము కొనుక్కొచ్చి, ఇంటి దగ్గరే ఒక్కో లింకూ వంచి, అతుకు వేసి, సొంతంగా ఒక గొలుసు చేశాను. పోలికలంటే నాకు పెద్ద ఇష్టం లేదు గానీ ఇది పోలిక కాదు, లెక్క. దాంతో ఏనుగుని కడితే ఏనుగు చెట్టుని పీక్కుని పోతుంది తప్ప గొలుసు తెగదు. ఊరెళ్ళే పాసింజర్లో ముప్పై ఏళ్ళుగా మా ఇద్దరి సామానూ దానికే. గొలుసు వెయ్యడం నా పని. మిగతా పనులన్నీ వాడివి.

ఆ శనివారం లోకల్ బండిలో నిలబడడానికే చోటు లేదు, బ్యాగులు ఒళ్ళో పెట్టుకునే వెళ్ళాం. తర్వాత బస్సు, తర్వాత టోటో అనే బ్యాటరీ రిక్షా. మధ్యాహ్నానికి రేవు చేరాం. అక్కడ ఇంజను పడవ ఉంది. ఆ ప్రాంతంలో దాన్ని భుట్‌భుటి అంటారు. ఎందుకంటారో ఇంజను తిప్పగానే తెలిసింది. పడవ మధ్యలో రేకుల కప్పుని మోసే ఇనపస్తంభం కనిపించింది. పొద్దున్నుంచీ పని లేక ఉన్న నా చేతులు ఇక ఆగలేదు. రెండు బ్యాగులు, మా ఆవిడ పులిహోర పెట్టిచ్చిన క్యారేజీ, అన్నిట్లోంచీ గొలుసు దూర్చి, స్తంభానికి చుట్టి, తాళం నొక్కి, మూడుసార్లు లాగి చూశాను.

"ఒరే మేస్టారూ, ఏటది?"

"గొలుసు."

"గొలుసని తెలస్తంది. ఇక్కడెవుడెత్తుకెల్తాడు? సుట్టూ నీల్లు. నెత్తి మీద బేగెట్టుకుని ఈదుకుంటా పోతాడేటి?"

"అలవాటురా."

"అలవాటంట! నిన్ను కాటికి మోసినపుడు పాడెకి కూడా గొలుసేయిస్తాన్లే, ఎవుడూ ఎత్తుకుపోకుండా."

పక్కనున్న ముసలమ్మ తమలపాకు నములుతూ మమ్మల్ని చాలాసేపు చూసింది. తర్వాత పడవ నడిపే నిమాయిని బెంగాలీలో అడిగింది: "వీళ్ళు పోలీసులా, దొంగలా?"

"రేల్ వాళ్ళు, ఠాకుమా," అన్నాడు నిమాయి.

"ఓ," అంది ఆవిడ, ఇంకేమీ అడగాల్సింది లేనట్టు.

దీవి రేవు వచ్చింది. నిమాయి ఇంజను ఆపకుండానే అరిచాడు. "నామున్ దాదా, నామున్! దిగండి దిగండి! నీళ్ళు తీస్తున్నాయి. ఇంకాసేపుంటే పడవ బురదలో కూర్చుంటుంది."

నా చెయ్యి మొలతాడు మీదికి పోయింది. ఇంట్లో బీరువా తాళంచెవి అక్కడే కట్టుకుంటాను. బీరువాది ఉంది. గొలుసుది లేదు.

చొక్కా జేబు చూశాను. లాగు జేబులు చూశాను. చెప్పులు విప్పి దులిపాను. తాళంచెవి చెప్పుల్లో ఎందుకుంటుందని మీరు అడగొచ్చు. సింహాచలం అడగలేదు.

"నీకిచ్చానా?" అన్నాను.

"నాకెపుడిచ్చినావు? మతుండే మాటాడతన్నావేటి?" అని లాగు జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. అవి రెండు చెవుల్లా వేలాడాయి.

ఆ తర్వాత నేను చేసిన అల్లరి రాయడానికి ఇప్పటికీ సిగ్గే. పడవలో అందర్నీ కాళ్ళు పైకెత్తమన్నాను. ఎత్తారు. చేపలబుట్ట ఎత్తించాను. పడవ అడుగున చేరిన నీళ్ళని నిమాయి చేత డబ్బాతో తోడించాను. చివరికి ముసలమ్మ తమలపాకుల డబ్బా వైపు చూశాను. ఆవిడ మూత తీసి, ఆకులు, వక్కలు, సున్నం నా ఒళ్ళో బోర్లించింది. "బాబా, ఇందులో ఉందేమో చూసుకో," అంది. నా లాగు మీద ఆ సున్నం మరక చాలాకాలం ఉంది. ఇంత గొడవలోనూ అందరికంటే శ్రద్ధగా వెతికినవాడు సింహాచలం. బోర్లా పడుకుని బల్లచెక్కల సందుల్లోకి కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు.

"ఏట్లో పడిపోనాదిరా," అన్నాడు లేచి, చాలా విచారంగా.

నిమాయి ఇక ఆగలేనన్నాడు. ఇంకా రెండు రేవులున్నాయి. ఆఖరిది అతని సొంత ఊరు. పడవ రాత్రికి అక్కడే ఉంటుంది. అక్కడ అతని బావమరిది దగ్గర ఇనుము కోసే రంపం ఉంది. పొద్దున్నే మళ్ళీ ఇటే వస్తాడు.

గట్టు మీద రిసార్టు కనిపిస్తోంది. రంగుజెండాలు, పెద్ద స్పీకర్లలోంచి పాట, వల ఉయ్యాలల చుట్టూ జనం. నాకు మాత్రం సింహాచలం ఇన్నాళ్ళూ అడిగిన ఒక్క రాత్రి ఆ గట్టు మీద నిలబడి ఉన్నట్టు, నేను దాని మొహం మీద తలుపు వేస్తున్నట్టు అనిపించింది.

"బ్యాగులు పోనీరా. మనం దిగిపోదాం. పొద్దున్న తెస్తానంటున్నాడు కదా," అన్నాను. గొలుసు లేకుండా సామాను వదిలేద్దామని నేను అన్న మాట అదొక్కటే. అప్పుడు కూడా గొలుసు ఉంది, అది వేరే సంగతి.

సింహాచలం గట్టు వైపు ఒకసారి చూశాడు.

"నా బీపీ మాత్తర్లు బేగులో ఉన్నాయిరా. అయి ఒగ్గేసి ఎలా దిగుతాను?"

పడవ కదిలింది.

ముసలమ్మ తర్వాతి రేవులో దిగుతూ నా తల మీద చెయ్యి పెట్టి ఏదో దీవించింది. సింహాచలం ముందుకు పోయి, పడవ కొసన కూర్చుని, కాళ్ళు బయటికి వేలాడేశాడు. నేను స్తంభం పక్కన ఖైదీలా కూర్చున్నాను. క్యారేజీ పట్టీ మీదుగా గొలుసు బిగిసి ఉంది, మూత రాదు. పులిహోర వాసన మాత్రం ధారాళంగా వస్తోంది. ఆకలికి నిమాయి మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిరపకాయ కలిపి ఇచ్చాడు. నీళ్ళు తీసిన ఒడ్డున బురదలో ఎర్ర పీతలు పరిగెడుతున్నాయి. పొద్దు వాలుతోంది.

"ఈ నది ఎటెల్తంది దాదా?" అని సింహాచలం హిందీ, బెంగాలీ కలిపి నిమాయిని అడిగాడు.

"సముద్రానికి."

"మరి మేమో?"

"మా బావమరిది దగ్గరికి."

"బాగుంది. సముద్రం కన్నా దగ్గిరే," అని నా వైపు తిరిగి, "రారా మేస్టారూ, ఇక్కడ కూకో. ఆ గొలుసునెవుడూ ఎత్తుకుపోడు. పోతే పుణ్యముంటాది," అన్నాడు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. షాపులో ముప్పై ఏళ్ళూ సుత్తి చప్పుళ్ళ మధ్య అరుచుకునే మాట్లాడుకున్నాం. మాట్లాడకుండా ఇలా పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

నిమాయి బావమరిది మంచివాడు. రంపం పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. మొదటి బ్లేడు టప్పుమంది. రెండోది కాస్త ఎక్కువసేపు బతికి, టప్పుమంది. అతను చెమట తుడుచుకుని గొలుసుని దీపం దగ్గరికి లాగి చూశాడు. "ఎవరు చేశారిది?"

"ఈయనే, మా మేస్టారు," అన్నాడు సింహాచలం నన్ను చూపించి. తర్వాత తెలుగులో, "సూసినావా నీ అతుకు! ఇనస్పెట్రు కాడ ఎపుడైనా ఇంత బాగా పాసయినాదేటి?"

దుఃఖంలో కూడా నాకు కొంచెం గర్వం కలిగింది. దాచడం ఎందుకు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు పెద్దలు. నాకు చేసుకున్నంత గొలుసు.

బ్యాగుల్ని వదల్లేక పడవలోనే పడుకున్నాం. నిమాయి రెండు దుప్పట్లిచ్చాడు. కాసేపటికి నీళ్ళు మళ్ళీ ఎక్కి పడవని మెల్లగా లేపాయి. అది ఊగడం మొదలుపెట్టింది.

"నీ రాత్రి పాడుచేశాన్రా," అన్నాను.

"ఊరుకో. పడుకో."

ఆదివారం పొద్దున్న వెనక్కి బయల్దేరాం. దీవి రేవులో నిమాయి జాలిగా అడిగాడు, దిగుతారా అని. సింహాచలం వద్దన్నాడు, రేపు డ్యూటీ ఉందన్నాడు. మొదట ఎక్కిన రేవుకి చేరాక నేను స్తంభం మొదలు దగ్గర కూర్చుని బోల్టులు ఊడదీస్తే కప్పు మా మీద పడుతుందా, నది మీద పడుతుందా అని ఆలోచిస్తున్నాను. సింహాచలం చొక్కా జేబులోంచి కళ్ళజోడు డబ్బా తీశాడు. డబ్బా వెనక నుంచి మాత్రల అట్ట తీశాడు. ఒక మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. అదే జేబులో మళ్ళీ వేలు పెట్టి తాళంచెవి తీసి, తాళంలో పెట్టి తిప్పాడు. అది క్లిక్కుమంది.

"ఏటది?" అన్నాను.

"తాళం సెవి."

"ఎక్కడిది?"

"నువ్వే ఇచ్చినావు. గొలుసేసినపుడల్లా సెవి నా సేతిలోనే ఎడతావు గదేటి. ముప్పై యేల్ల నుంచీ."

నిజమే. నేను ఎక్కడో పారేస్తానని పెళ్ళికాక ముందు నుంచీ ఉన్న ఏర్పాటు అది. అలవాటు మీద ఇచ్చాను, అలవాటు మీద మర్చిపోయాను.

"మరి నిన్న అడిగితే లేదన్నావు? మాత్రలు బ్యాగులో ఉన్నాయన్నావు?"

"దిగబుద్ది కాలేదురా." గొలుసుని జాగ్రత్తగా చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఆ రిసార్టు సూసినావు గదా. దుర్గాపూజ పందిరే. ఉయ్యాలకి లైను కట్టినారు. పడవేమో ఎల్తానంటంది. ముప్పై యేల్లు వేగన్లు బాగుసేసి పంపినాం. ఒక్కదానెనకైనా ఎల్లి, అదెక్కడికెల్తందో సూసినామా?"

నిమాయికి సంగతి బెంగాలీలో చెప్పాడు. నిమాయి చుక్కాని వదిలేసి కూర్చుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మరి మా బావమరిది బ్లేళ్ళు?" అన్నాడు. ముగ్గురం క్యారేజీ విప్పి పులిహోర తిన్నాం. రెండో రోజు పులిహోరే బాగుంటుంది. సింహాచలం తాళంచెవిని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

బండిలో నేను వాడితో మాట్లాడలేదు. సోమవారం షాపులో వెల్డింగ్ ముసుగు లోపల నవ్వడం మొదలుపెట్టాను. చాలాసేపు ముసుగు తియ్యలేకపోయాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎప్పుడు ఎదురుపడినా వాడు లాగు జేబులు రెండూ బయటికి లాగి చూపించేవాడు.

రిటైరైన ఆర్నెల్లకి సింహాచలం పోయాడు. గుండె. పాడెకి మామూలు తాడే కట్టారు. ఒక కొమ్ము నేను పట్టాను.

కనక పాఠకుల సాక్షిగా, ఆ ముసలమ్మ తమలపాకుల డబ్బా సాక్షిగా, విరిగిన రెండు బ్లేళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ పడవకి సామాను కట్టను. తెలిసో తెలియకో కట్టినా, ఎవరి చెప్పులూ దులపను, ఎవరి తమలపాకులూ వెతకను.

నిలబెట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. తాళంచెవి సింహాచలం వాళ్ళింట్లోనే ఉండిపోయింది, నేను అడగలేదు. గొలుసు మా మంచం కింద ఉంది. ఊరికి ఇప్పటికీ ఆ పాసింజర్లోనే వెళ్తాను. బ్యాగు సీటు కిందికి తోస్తాను. గొలుసు వెయ్యను.